మేనమామ పీట

హుటాన్ మెలింటాంగ్,
2025 ఫిబ్రవరి 9

చంద్రా,

నీ అక్క యోగేశ్వరి రాస్తున్నాను. చలి ఎలా ఉంది, తిండి ఎలా ఉంది అని అడిగితే అంతా బాగుందనే రాస్తావు కాబట్టి అడగడం లేదు.

ఫోను వాడనివ్వరు, ఉత్తరాలైతే ఎవరో తీసుకెళ్ళి పోస్టు చేస్తారు అని నువ్వు చెప్పినప్పుడు మీ బావ లోగన్ నవ్వాడు. "ఈ కాలంలో ఉత్తరమేటి? ఆడు జైల్లో ఉన్నాడేటి?" అన్నాడు. జైలు కాదు, పోలెండులో యుక్రెయిన్ కుర్రాళ్ళకు విమానం నడపడం నేర్పే బడి, యుద్ధం సరిహద్దుకు అవతలే ఉంది అని నేనే సర్దిచెప్పాను. నువ్వు నాకు చెప్పిన మాటలే అవి. ఈ దేశంలో పుట్టినా తెలుగు మరవకూడదని మన నాన్న ప్రతి ఆదివారం తెలుగు సంఘం హాల్లో కూర్చోబెట్టి దిద్దించిన అక్షరాలు ఇన్నాళ్ళకు ఇలా పనికొచ్చాయి. ఇప్పుడు ఆ హాల్లో నేనే చెబుతున్నాను. పిల్లలు ఆరుగురు వస్తారు. అందులో ఇద్దరు బిస్కెట్ల కోసం వస్తారు.

అసలు సంగతి తనూష చెవులు. దానికి ఐదో ఏడు నడుస్తోంది. నవంబరులో ఆరో ఏట పడుతుంది. ఆడపిల్లకు బేసి ఏట చెవులు కుట్టించాలని నీకు తెలుసు. మొదటి ఏట కోవిడు, ఊరు దాటనివ్వలేదు. మూడో ఏట నువ్వు సముద్రం అవతల సబాలో పామాయిలు తోటల మీద విమానంతో ఎరువు చల్లుతూ తిరిగావు. ఇప్పుడు ఐదు. మేనమామ పీట మీద కూర్చుని, పిల్లను ఒళ్ళో పెట్టుకుని, తల కదలకుండా పట్టుకోవాలి. నాకు తోడబుట్టినవాడివి నువ్వొక్కడివే. మన రాసమ్మత్త శ్రావణంలో ఒక శుక్రవారం చూసి పెట్టింది. ఎనభై దాటినా పంచాంగం మాత్రం కళ్ళజోడు లేకుండా చదువుతుంది, మనిషిని చూసి గుర్తుపట్టడానికే కళ్ళజోడు కావాలి.

పిల్లల బడిలో కొత్త టీచరు తనూషను మగపిల్లాడనుకుందట. జుట్టు పొట్టిగా ఉండి, చెవికి ఏమీ లేకపోతే అనుకోదా మరి. ఇంటికొచ్చి, "మామ ఎప్పుడొస్తాడు, నా సెవులు బోసిగా ఉన్నాయి" అని అడిగింది. నేనేం చెప్పను? శ్రావణానికి వస్తాడని చెప్పాను. మాట తప్పించకు.

ఈ కాగితం మూల మీద నల్ల మరక మీ బావ వేలిది. పడవ ఇంజను విప్పుతూ వచ్చి చదవబోయాడు. అదే అతని సంతకం అనుకో.

నీ అక్క,
యోగ


2025 మార్చి 16

అక్కా,

ఉత్తరం చేరింది, బావ సంతకంతో సహా. ఊరి పేరు రాయకూడదట, అందుకే పైన రాయలేదు.

ఇక్కడి పద్ధతి ఒకటి చెప్పాలి. ఈ బడి సైన్యం చేతిలో ఉంది. వచ్చే ఉత్తరం, పోయే ఉత్తరం బొహ్దాన్ అనే అధికారి చూస్తాడు. ఇంగ్లీషైతే తనే చదువుకుంటాడు. మన అక్షరాలు చూసి, కాగితం ఇటు తిప్పి అటు తిప్పి, "ఏ వైపు పైకి?" అని నన్నే అడిగాడు. కాబట్టి నేను ఎదురుగా కూర్చుని వాక్యం వాక్యం ఇంగ్లీషులో చెప్పాలి. నీ ఉత్తరం చెబుతుంటే బావ మరక దగ్గర బొహ్దాన్ పెన్సిలు ఆపి, ఇదేమిటని అడిగాడు. గ్రీజు అన్నాను. వాసన చూసి నమ్మాడు.

చెవుల సంగతి అతనికి అర్థం కావడానికి ఒక పూట పట్టింది. "పిల్ల తల్లి తమ్ముడే ఎందుకు? తండ్రి ఏం చేస్తాడు?" అన్నాడు. తండ్రి పక్కన నిలబడి ఏడుస్తాడని చెప్పాను. బావకు కోపం రాదనుకుంటాను.

తిండికి లోటు లేదు. ఒక్సానా అని ఒకామె ఉంది, ఆమె లేకపోతే నేను ఎండిపోయేవాణ్ణి. బీట్‌రూట్ పులుసు పెడుతుంది. నువ్వు పంపిన మిరప్పొడి అందులో వేసుకుంటే బాగానే ఉంటుంది. జాకెట్టుకు ఊడిన బొత్తాం కుట్టింది. పొద్దున్న నేను లేచి వెళ్ళేసరికే విమానం దగ్గర ఉంటుంది, నేను దిగేదాకా అక్కడే ఉంటుంది. నాకు యుక్రెయిన్ మాటలు నేర్పుతోంది, నేను ఆమెకు "రా, తిను, పోదాం" నేర్పాను.

శ్రావణానికి రావడానికి చూస్తాను. చూస్తాననే రాస్తున్నాను, అది గమనించు. తనూషకు ముద్దులు. రాసమ్మత్త కళ్ళజోడుకు దండాలు.

నీ తమ్ముడు
చంద్ర


హుటాన్ మెలింటాంగ్,
2025 ఏప్రిల్ 27

చంద్రా,

ఒక్సానా ఎవరు?

నీ ఉత్తరం నేను చదివాను, మీ బావకు చదివి వినిపించాను, రాసమ్మత్తకు రెండుసార్లు గట్టిగా చదివాను. ముగ్గురం ఒకే మాట అనుకున్నాం. బొత్తాం కుట్టే ఆడమనిషి, నువ్వు ఆకాశం నుంచి దిగేదాకా కింద నిలబడే ఆడమనిషి, ఊరికే పులుసు పెట్టదు. ముప్పై అయిదేళ్ళొచ్చాయి నీకు. మేమేమైనా వద్దన్నామా? అత్త మొదట కొంచెం ముఖం ముడుచుకుంది. తర్వాత తనే, "ఏ జాతైతేనేటి, అన్నం ఎట్టే సెయ్యి సల్లనిది" అంది. ఆవిడ ఆ మాట అనడానికి ఎనభై ఏళ్ళు పట్టింది. నేను లోగన్‌ను చేసుకున్నప్పుడు, అరవం కలిసిన ఇల్లని నెలరోజులు నాతో మాట్లాడలేదు.

క్లాంగులో ఉన్న మన సుప్పయ్యన్న దగ్గరికి వెళ్ళినప్పుడు లిటిల్ ఇండియాలో ఒక చీర తీశాను, ఆకుపచ్చ మీద పసుపు అంచు. ఆమె ఎంత పొడుగో రాయలేదు నువ్వు. జాకెట్టు గుడ్డ ఎక్కువే తీసుకున్నాను. మీ బావ వెక్కిరిస్తున్నాడు, ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది నీ వరస అని. అననీ. నువ్వు ఆమెను తీసుకుని శ్రావణానికి రా. పీట మీద నువ్వు కూర్చుంటే పక్కన ఆమె నిలబడుతుంది.

ఇంకొకటి. నువ్వు బయల్దేరేనాడు మీ బావ, "ఊళ్ళోవాళ్ళ గొడవలో నీకేటి పని" అన్నది మనసులో పెట్టుకోకు. అందుకే రావడం లేదేమోనని అతను తనలో తాను కుమిలిపోతున్నాడు. పైకి చెప్పడు, ఇంజన్లను మాత్రం గట్టిగా కొడుతున్నాడు.

ఆసారికి, అదే తెలుక్ ఇంతాన్‌లో నగల పని చేసే ముసలాయనకు, రోజు చెప్పేశాను. ఆయన చేతితో చెవి కుడితే చీము పట్టదని పేరు. ఒక్సానాకు నా మాటగా చెప్పు, బీట్‌రూట్‌లో కాస్త ఆవాలు పోపు వెయ్యమను.

అక్క


2025 జూన్ 8

అక్కా,

నీ ఉత్తరం బొహ్దాన్‌కు చెప్పలేక చచ్చాను. సగంలో అతను లేచి వెళ్ళి ఒక్సానాను పిలుచుకొచ్చాడు. మళ్ళీ మొదటినుంచి చెప్పించాడు. ఆమె నవ్వి నవ్వి కుర్చీలోంచి జారింది. ఒక్సానాకు యాభై ఎనిమిదేళ్ళు. విమానాల మెకానిక్కు. పై పెదవి మీద నాకంటే బాగా మీసం ఉంది. నేను దిగేదాకా నిలబడేది విమానం కోసం, నాకోసం కాదు. చీర మాత్రం పంపమంటోంది.

బావ మాట నేను ఎప్పుడో మరిచిపోయాను. ఇంజన్లను కొట్టవద్దని చెప్పు.

శ్రావణానికి సెలవు దొరకదు. నువ్వు కోప్పడకుండా చదువు. తేదీ మార్చకు, పిల్ల ఏడు దాటిపోనివ్వకు. సుప్పయ్యన్నను పీట మీద కూర్చోబెట్టు. పెదనాన్న కొడుకే కదా, అతనూ తనూషకు మేనమామ వరసే. అతని చేతులు నా చేతులకంటే గట్టివి, పిల్ల కదల్లేదు. కమ్మలు నేనే పంపుతున్నాను. మేనమామ తేవలసినవి కాబట్టి అవి మాత్రం నావే ఉండాలి. ఆస్ట్రేలియా వెళుతున్న స్నేహితుడొకడు కౌలాలంపూర్‌లో దిగి సుప్పయ్యన్నకు ఇస్తాడు.

నా మోటార్‌సైకిలు ఊరికే పడి ఉంది, బావను తీసేసుకోమను. నా గది తనూషకు ఇచ్చెయ్యి. బట్టలు ఎవరికైనా పనికొస్తే ఇవ్వు. నాన్న ఫొటో సుప్పయ్యన్న ఎప్పటినుంచో అడుగుతున్నాడు, ఈసారి ఇచ్చి పంపు. పిల్ల ఏడిస్తే బెల్లంముక్క ముందే నోట్లో పెట్టు, తర్వాత పెడితే ఉమ్మేస్తుంది.

అందరినీ అడిగానని చెప్పు. నువ్వు జాగ్రత్త.

చంద్ర


హుటాన్ మెలింటాంగ్,
2025 జులై 20

చంద్రా,

కమ్మలు చేరాయి. బాగున్నాయి. నీ ఉత్తరం చదివి లోపలికి వెళ్ళి పడుకున్నాను. వంట మీ బావ చేశాడు.

బండి ఆయనకు, గది పిల్లకు, బట్టలు ఎవరికో, నాన్న ఫొటో సుప్పయ్యన్నకు. పీట మీద నీ చోటు కూడా సుప్పయ్యన్నకు. ఇక నీకంటూ ఈ ఇంట్లో ఏం మిగిల్చావు? చివర "నువ్వు జాగ్రత్త" అని రాశావు. ఎప్పుడైనా రాశావా ఆ మాట నాకు? రాసమ్మత్తకు చదివి వినిపిస్తే కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "మేనమామ బతికుండగా ఇంకోడి వొళ్ళో కూకోబెడతారేటే? ఆడు నేడని మనమే సెప్పుకున్నట్టు కాదా? నానొప్పను" అంది. మన ఇళ్ళలో ఆ పద్ధతి నీకు తెలియనిది కాదు. వేరొకరు కూర్చున్నారంటే అసలు మనిషి పోయాడని. తెలిసీ రాశావంటే నువ్వు నాకు చెప్పకుండా చెబుతున్నావనే అనుకున్నాను.

ఆ మూడో రోజే చేపల షెడ్డు తంగవేలు వచ్చాడు. ఫోను చూపించి, "అక్కా, ఇది మీ తంబి దానే, మీ తమ్ముడే కదా? పెద్ద హీరో" అన్నాడు. గడ్డం పెంచావు. చిన్న విమానం, ముందు ఫంకా ఉన్నది, పాతది. దాని పక్కన నువ్వు, వెనకాల ఒక మీసాల ఆవిడ. యుక్రెయిన్ కోసం పోరాడుతున్న పరదేశి పైలట్లు అని కింద రాశారు. విమానం పొట్ట మీద చిన్న చిన్న బొమ్మలు వేసి ఉన్నాయి, ఒక్కొక్క బొమ్మ మీరు కూల్చిన ఒక్కొక్క డ్రోనట. తంగవేలు సంతోషంగా చెబుతున్నాడు, నేను ఆ బొమ్మలు లెక్కపెడుతున్నాను.

పోలెండు అన్నావు. బడి అన్నావు. నేను ఊళ్ళో అందరికీ అదే చెప్పాను. పదకొండేళ్ళ కిందట కౌలాలంపూర్ రావలసిన మన దేశం విమానాన్ని కూల్చింది ఆ నేల మీదే. ఆ సంగతి విన్న రోజు నువ్వు నాకు ఫోను చేసి అరగంట ఏడ్చావు. ఆ నేలకే వెళ్ళి, నాకు బీట్‌రూట్ పులుసు కథలు రాస్తావా?

సుప్పయ్యన్నను కూర్చోబెట్టను. ఆసారికి వద్దని కబురు పెట్టాను. శ్రావణం పోతే పోనీ. కమ్మలు దేవుడి దగ్గర పెట్టాను. తిరిగి రాస్తే నిజం రాయి. లేకపోతే రాయకు.

యోగేశ్వరి


2025 ఆగస్టు 17

అక్కా,

బండి ఇచ్చింది బ్యాటరీ పాడవుతుందని. గది ఇచ్చింది తనూష పెద్దదవుతోందని. ఫొటో ఇమ్మన్నది సుప్పయ్యన్న ప్రతి దీపావళికీ ప్రాణం తీస్తున్నాడని. వీలునామా రాయడానికి నా దగ్గర ఏముందే? నేను సర్దుదామని రాసిన నాలుగు మాటలు నీకు అలా కనిపిస్తాయని నిజంగా తోచలేదు. పీట సంగతి మాత్రం తోచాలి. పొరపాటే. ఇక్కడ ఒకడు సెలవు మీద వెళితే అతని సీటులో ఇంకొకడు కూర్చుంటాడు, తిరిగొస్తే లేస్తాడు. ఆ అలవాటు చేతికొచ్చేసింది.

ఇక నిజం. నేను పోలెండులో లేను. యుక్రెయిన్‌లో ఉన్నాను. ఎక్కడో రాయకూడదు. ఇద్దరు కూర్చునే విమానం. ముందు నేను నడుపుతాను, వెనక ఒక కుర్రాడు తుపాకీతో కూర్చుంటాడు. ఊళ్ళ మీదకు వచ్చే డ్రోన్ల పక్కకు వెళ్ళి, అవి ఇళ్ళ దాకా చేరకముందే పొలాల మీద పడేస్తాం. యుద్ధవిమానం నడిపేవాళ్ళకు ఇది కష్టం, వాళ్ళకు వేగం ఎక్కువ. చెట్ల నెత్తి మీద, నెమ్మదిగా, వంకరటింకరగా తిరగడం తోటల మీద ఎరువు చల్లినవాడికి అలవాటు. కొలువు పోయి ఏడాది ఇంట్లో కూర్చున్నప్పుడు ఎవరికీ అక్కరలేని విద్య ఇక్కడ కావలసి వచ్చింది. నాకు సంతోషంగా ఉందక్కా. నువ్వు బాధపడతావని తెలిసీ రాస్తున్నాను, అబద్ధం వద్దన్నావు కాబట్టి. భయం కూడా ఉంది. రెండూ ఉన్నాయి.

నీ ఉత్తరం బొహ్దాన్‌కు చెప్పవలసి వచ్చింది. "మేనమామ బతికుండగా" దగ్గర కాగితం మడిచేశాను. తర్వాత చదువుతానన్నాను. అతను ఊరుకోలేదు. చివరిదాకా విని, "నీకు సెలవు దొరకదని మీ అక్కకు ఎవరు చెప్పారు? నన్ను ఎప్పుడడిగావు?" అన్నాడు.

అడగలేదక్కా. అది కూడా రాయమని అతనే ఎదురుగా కూర్చున్నాడు. మేము పరదేశులం. కాగితం మీద సంతకం పెట్టి ఏ రోజైనా వెళ్ళిపోవచ్చు. సైన్యంలో ఉన్న ఒక్సానా కొడుకు వెళ్ళలేడు, వెనక కూర్చునే కుర్రాడు వెళ్ళలేడు. నేను ఒకసారి వస్తే, నీ చేతి అన్నం తింటే, తనూష ఒళ్ళో కూర్చుంటే, మళ్ళీ ఇటు బయల్దేరగలనా అని భయపడ్డాను. అందుకని సుప్పయ్యన్న పేరు చెప్పి తప్పించుకున్నాను.

పిల్ల ఐదో ఏడు ఇంకా దాటలేదు కదా. అక్టోబరులో సెలవు ఇచ్చారు. వస్తున్నాను. తిట్టాలనుకున్నవి అప్పటికి దాచిపెట్టు.

చంద్ర


హుటాన్ మెలింటాంగ్,
2025 సెప్టెంబరు 14

చంద్రా,

రా. ఆసారికి మళ్ళీ కబురు పెట్టాను. గడ్డం తీసేసి రా, పిల్ల జడుసుకుంటుంది. చీర చేతికిస్తాను, ఆ మీసాల తల్లికి తీసుకెళుదువు గాని.

తిట్లు దాచాను. చాలా ఉన్నాయి.

అక్క


2025 నవంబరు 2

అక్కా,

క్షేమంగా చేరాను. ఒక్సానా చీరను జాకెట్టు మీదే చుట్టుకుని రన్‌వే మొత్తం తిరిగింది. బొహ్దాన్ ముందు తనిఖీ చెయ్యాలన్నాడు, ఆమె అతన్ని ఒక చూపు చూసింది, అంతే. అందరూ నీ ఊరగాయ తిని ఏడ్చారు.

ఒక పని మిగిలిపోయింది. ఎడమ చెవి కుట్టగానే తనూష నా చేతుల్లోంచి జారి, వాకిట్లో బోర్లించిన బావ పడవ కిందికి దూరింది కదా. బెల్లం చూపించినా, ఐస్‌క్రీం చూపించినా బయటికి రాలేదు. ఆసారి ముసలాయన సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయాడు. తర్వాత వానలు, చుట్టాలు, నా ప్రయాణం. కుడి చెవి అలాగే ఉండిపోయింది. నవంబరు సగంలో పిల్లకు ఏడు మారుతుంది. ఈలోపు సుప్పయ్యన్నను పిలిచి ఆ ఒక్కటీ కానిచ్చెయ్యి. ఈసారి తప్పు పట్టకు. నేను బతికే ఉన్నానని అందరూ కళ్ళారా చూశారు, పీట మీద కూర్చున్నాను, ఎడమ చెవి నా ఒళ్ళోనే కుట్టారు. మిగతాది ఎవరు పట్టుకున్నా దోషం లేదు.

ఇంకొకటి అడగాలి. నేను వచ్చిన రెండో రోజు మంచినీళ్ళకు వంటింట్లోకి వస్తే బియ్యం డబ్బా మూత తీసి ఉంది. అందులో నా పాస్‌పోర్టు కనిపించింది. చూడనట్టే వెళ్ళిపోయాను. నిజం చెప్పనా, అది అక్కడే ఉంటే బాగుండునని కూడా అనిపించింది. నేను నిర్ణయించుకోనక్కర్లేదు కదా. చెవి కుట్టిన మర్నాడు చూస్తే మళ్ళీ నా సంచిలో ఉంది. ఎందుకు తీశావో తెలుసు. ఎందుకు తిరిగి పెట్టావో తెలియలేదు. విమానాశ్రయానికి కారు కూడా నువ్వే నడిపావు, దారంతా చేపల ధర గురించి మాట్లాడావు.

చంద్ర


హుటాన్ మెలింటాంగ్,
2025 నవంబరు 30

చంద్రా,

చూశావన్నమాట. దొంగతనం కూడా సరిగా చేతకాదు నాకు.

అది నా ఒక్కదాని పని కాదు. మీ బావ సుబాంగులో విమానాల షెడ్డు యజమానితో మాట్లాడి నీకు కొలువు చూశాడు. రాసమ్మత్త ఎవరో పిల్లను చూసింది, ఆ పిల్లకు మీసం లేదని కూడా కనుక్కుంది. నేను పాస్‌పోర్టు తీశాను. పీట మీద కూర్చుంటే ఇంక కదలవని నా నమ్మకం. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని నిన్ను చిన్నప్పటినుంచీ తిడుతూనే ఉన్నాను కదా, ఈ ఒక్కసారికి మా దారిలో కట్టేద్దామనుకున్నాను.

చెవి కుట్టిన సాయంత్రం నేను బియ్యం తీస్తున్నాను. నువ్వూ తనూషా వెనక వసారాలో ఉన్నారు. దాని ఏడుపు అప్పటికి తగ్గింది. "మామా, అక్కడ నీ పనేటి?" అని అడిగింది. ఇళ్ళ మీద పడే వాటిని పడకుండా ఆపుతానని చెప్పావు. "ఇప్పుడు ఎవులాపుతున్నారు?" అంది. ఇంకొకతను నా సీటులో కూర్చున్నాడని చెప్పావు. "నీలాగ బాగా ఆపుతాడా?" అంది. నువ్వు దాని చెవికి పసుపు అద్దడం మొదలుపెట్టావు. నా చెయ్యి బియ్యంలో, నీ పాస్‌పోర్టు మీద ఉంది. ఎవరో తల్లి, నా ఈడుదో నీ ఈడుదో, ఆమె వంటింట్లో ఆమె బియ్యమో గోధుమలో తీసుకుంటూ ఉంటుంది కదా అనిపించింది. తీసి, తుడిచి, నీ సంచిలో పెట్టాను. పెట్టి ఏడ్చాను. మీ బావకు ఆ రాత్రి చెబితే, "సరి లే, ఆడి పని ఆడికి తెలుసు" అని అటు తిరిగి పడుకున్నాడు. అతనూ ఏడ్చాడనుకుంటాను. దారిలో చేపల ధర గురించి మాట్లాడకపోతే కారు వెనక్కి తిప్పేదాన్ని.

ఇక కుడి చెవి. సుప్పయ్యన్న క్లాంగు నుంచి రెండుసార్లు వచ్చాడు, పిల్లను నేను పట్టుకుంటానని. రెండుసార్లూ అన్నం పెట్టి పంపేశాను. రాసమ్మత్త తగువు పెట్టుకుంది. "ఒంటి సెవి కుట్టిన పిల్లని ఎక్కడైనా సూసినామా? నవ్వుతారే" అంటోంది. ఏడు మారిపోయింది కాబట్టి ఇక ఏడో ఏట చూడాలని మళ్ళీ పంచాంగం తీసింది. బడిలో టీచరు, కమ్మ ఒకటి పోయినట్టుంది, వెతకండని చీటీ రాసింది. తనూషే ఆమెకు చెప్పింది, "పోలేదు టీచర్. ఇది మామ కుట్టించినాడు. అది మామ వొచ్చినాక." నేను నేర్పలేదు, ఒట్టు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం, ఎవరి పోలికో నువ్వే ఆలోచించుకో.

ఎవరు నవ్వినా, ఏ ఏడు దాటినా నేను కుట్టించను. ఆ ఎడమ చెవి చూసి, నిన్ను పంపింది నేనేనని తెలుసుకుంటాను. కుడి చెవి చూసి, నువ్వు రావలసి ఉందని తెలుసుకుంటాను. దానికి ఏడేళ్ళు రానీ, పదిహేడు రానీ, పెళ్ళి రానీ. నిన్ను ఎప్పుడొస్తావని ఇక అడగను, చంద్రా. ఆ యుద్ధం అయ్యాకే రా. కానీ రా. పిల్ల ఒక కమ్మతో తిరుగుతోంది.

నీ అక్క